అసలు కదలకూడదు: పొత్తు వ్యాపారంలో పంపకాలకు పడిన హద్దులు

పరిమిత భాగస్వామ్యంలో రెండు రకాల భాగస్తులుంటారు. మొదటివారు వ్యాపారం నడుపుతారు. బాకీలు మిగిలితే ఇల్లూ పొలమూ అమ్మైనా తీర్చాల్సిన పూచీ వాళ్ళది. రెండోవారు సొమ్ము పెట్టి ఊరుకుంటారు. వ్యాపారం మునిగితే ఆ సొమ్ము పోతుంది కానీ, అంతకు మించి వాళ్ళ గడప తొక్కే హక్కు ఏ అప్పులవాడికీ ఉండదు. ఈ రక్షణ చిన్నది కాదు. దానికి చట్టం కట్టిన వెల ఒకటే: పెట్టిన సొమ్ము పెట్టినచోటే ఉండాలి. లాభం వస్తే పంచుకోవచ్చు, అసలు మాత్రం బయటి బాకీలు తీరేదాకా కదలకూడదు. కదిలిస్తే తీసుకున్నంత మేరకు తిరిగి పూచీ పడాలి. చాలా దేశాల పరిమిత భాగస్వామ్య చట్టాల్లో పంపకాల గురించి చెప్పే సెక్షన్ల సారం ఇదే.

భారతదేశంలో అచ్చంగా ఇలాంటి చట్టం ఎన్నడూ రాలేదు. అయినా కృష్ణా పశ్చిమ డెల్టాలో డబ్బొకరిది, చాకిరీ ఒకరిది అయిన పొత్తులు లేని ఊరు కనిపించదు. బియ్యం మిల్లు, ధాన్యం కమీషను వ్యాపారం, ఇప్పటి రొయ్యల చెరువు, అన్నీ వాటాల మీద నడిచినవే. బాపట్లకు తూర్పున ఉన్న కర్లపాలెం ఈ చరిత్రను చూడటానికి తగిన చోటు. దానికి ఒక పక్క నిజాంపట్నం ఉంటే, బాపట్ల, చీరాల దాటి మరో పక్క మోటుపల్లి ఉంది. రెండూ ఒకప్పటి రేవులే. సముద్ర వ్యాపారంలో పెట్టుబడికీ పంపకానికీ ఉన్న లంకెను ప్రపంచం నేర్చుకున్న దారిలో ఈ రెండు రేవులూ తగులుతాయి.

మోటుపల్లిలో కాకతి గణపతిదేవుడు 1244లో అభయశాసనం వేయించాడు. అంతకుముందు రాజులు గాలివానకు దారి తప్పి తీరానికి కొట్టుకొచ్చిన ఓడల సరుకునంతా లాక్కునేవారు. గణపతిదేవుడు ఆ పద్ధతి మాన్పించి, ముప్పైలో ఒక వంతు సుంకం మాత్రమే తీసుకుంటానని వర్తకులకు మాట ఇచ్చాడు. ఓడ మీద పెట్టిన సొమ్ముకు తుఫాను ఒక గండమైతే, ఒడ్డున కూర్చున్న అధికారం రెండో గండం. ఇంత గండమున్న వ్యాపారంలో ఒక్కడు ఆస్తి అంతా పెట్టడు. పదిమంది తలాకొంత పెడతారు, పోతే అంతవరకే పోవాలనుకుంటారు. పరిమిత భాగస్వామ్యానికి పుట్టుక అక్కడే.

వెనిస్ వర్తకుడు మార్కో పోలో ఈ రేవును ముత్ఫిలి పేరుతో తన గ్రంథంలో వర్ణించాడు. ఆయన పుట్టిన నగరం అప్పటికే రెండు శతాబ్దాలుగా ఇలాంటి పొత్తుకు రాతకోతలు నేర్చింది. దాన్ని వెనిస్‌లో కొల్లెగాంజా అనేవారు, జెనోవాలో కొమెండా. నిలిచిన పాత ఒడంబడికల్లో 1073 ఆగస్టు నాటిది ఒకటుంది. సెవాస్తో అనే కంసాలి 200 పౌండ్లు, ఓడెక్కి వెళ్ళే జొవాన్నీ 100 పౌండ్లు పెట్టి, గ్రీసులోని థీబ్స్‌కు సరుకు పంపారు. లాభం వస్తే చెరిసగం. సముద్రం వల్లో శత్రువుల వల్లో అంతా పోతే ఒకరినొకరు అడగకూడదు. కొంత మిగిలితే ఎవరు పెట్టిన నిష్పత్తిలో వారు తీసుకోవాలి. ఈ ఆఖరి మాట గమనించదగ్గది. లాభంలో వాటా వేరు, అసలులో వాటా వేరు. చాకిరీ చేసినవాడికి లాభంలో సగం దక్కుతుంది కానీ, మిగిలిన అసలులో సగం దక్కదు. అసలు ముందు దాని చోటికి చేరాలి, ఆపైన తేలిందే లాభం.

మన ధర్మశాస్త్రాలు ఈ విషయాన్ని సంభూయ సముత్థానం అనే వ్యవహార పదంలో చర్చించాయి. పలువురు కలిసి చేసే వ్యాపారం అని దాని అర్థం. లాభనష్టాలు పెట్టిన సొమ్మును బట్టి గానీ, ముందు అనుకున్న మాటను బట్టి గానీ పంచుకోవాలని యాజ్ఞవల్క్య స్మృతి చెప్పింది. మిగతావారు వద్దన్న పని చేసి నష్టం తెచ్చినవాడు ఆ నష్టం తానే పూడ్చాలి. ఆపద నుంచి సరుకు కాపాడినవాడికి పదో వంతు దక్కాలి. మోసం చేసిన భాగస్తుణ్ణి లాభం ఇవ్వకుండా బయటికి పంపొచ్చు. యాజ్ఞవల్క్య స్మృతికి విజ్ఞానేశ్వరుడు రాసిన మితాక్షర వ్యాఖ్యను తిక్కన కాలపు కవి మూలఘటిక కేతన 13వ శతాబ్దంలో విజ్ఞానేశ్వరీయంగా తెలుగు చేశాడు. సంభూయ సముత్థానంలో భాగస్తుల మధ్య న్యాయం నిండుగా ఉంది. బయట నుంచి అప్పిచ్చినవాడు మాత్రం ఈ బొమ్మలో కనిపించడు. అప్పు సంగతి ఋణాదానం అనే వేరే పదంలోకి పోయింది. భాగస్తులు తమలో తాము చేసుకున్న పంపకాన్ని అప్పులవాడి కళ్ళతో చూడటం తర్వాతి కాలపు చట్టాలు తెచ్చిన మార్పు.

ఆ మార్పుకు ముందు మెట్టు నిజాంపట్నం రేవులో కనిపిస్తుంది. ఐరోపా వర్తకులు పెటపోలి అని పిలిచిన ఈ ఊళ్ళో డచ్చివారు 1606లో గిడ్డంగి పెట్టారు. ఇంగ్లిషు ఈస్టిండియా కంపెనీ వారి గ్లోబ్ అనే ఓడ 1611 ఆగస్టులో ఇక్కడికి వచ్చి, తర్వాత మచిలీపట్నం చేరింది. ఆ ఓడ కంపెనీ ఏడో యాత్రకు చెందింది. ఏడో యాత్ర అనడంలోనే అప్పటి పద్ధతి ఉంది. ప్రతి యాత్రకూ వేరే పెట్టుబడి, వేరే వాటాదారులు, వేరే చిట్టా. ఓడ తిరిగొచ్చి సరుకు అమ్ముడుపోయాక అసలూ లాభమూ కలిపి పంచేసి ఆ యాత్ర లెక్క మూసేసేవారు. గ్లోబ్ 1615లో తిరిగివెళ్ళింది, వాటాదారులకు రెట్టింపుకు మించి ముట్టింది. లాభం బాగానే ఉంది కానీ మచిలీపట్నంలో, నిజాంపట్నంలో గిడ్డంగులు నిలబెట్టాలంటే, నేతగాళ్ళకు ముందుగా సొమ్మిచ్చి బట్ట నేయించాలంటే, ప్రతి యాత్రకూ పెట్టుబడి పంచుకుపోతే కుదరదు. 1613 నుంచి కంపెనీ కొన్ని యాత్రలకు కలిపి ఒకే పెట్టుబడి సేకరించింది. 1657 నాటి కొత్త సనదుతో పెట్టుబడి శాశ్వతమైంది. ఆపైన వాటాదారుడికి దక్కేది లాభాంశం. అసలు కావాలంటే వాటా మరొకరికి అమ్ముకోవాలి.

డచ్చి కంపెనీ ఈ పాఠం ముందే నేర్చింది, కాస్త మొరటుగా. 1602లో పుట్టిన ఆ కంపెనీ పదేళ్ళకు లెక్క తేల్చి, కోరినవారికి సొమ్ము వెనక్కి ఇస్తామని సనదులో రాసుకుంది. గడువు వచ్చేసరికి ఆ మాట రద్దయింది. మధ్యలో 1610లో వాటాదారులు పట్టుబడితే, నగదు లేక పంపకాన్ని జాపత్రి రూపంలో చేశారు. ఇళ్ళకు చేరిన జాపత్రిని వర్తకులు కానివారు ఏం చేసుకోవాలి? అందరూ ఒక్కసారి అమ్మబోతే ధర పడిపోతుంది. ఇప్పటి అమెరికన్ పరిమిత భాగస్వామ్య చట్టాల్లో, పంపకంగా నగదు తప్ప వస్తువును అడిగే హక్కు భాగస్తుడికి లేదనీ, తన వంతుకు మించిన వస్తువును బలవంతంగా అంటగట్టకూడదనీ ఒక నియమం ఉంటుంది. ఆ నియమం ఎందుకుందో జాపత్రి కథ వింటే తెలిసిపోతుంది.

కంపెనీలు ఒక దారి పట్టగా, కొమెండా వారసత్వం మరో దారిలో సాగింది. ఫ్లోరెన్స్ 1408లో చేసిన చట్టం సొమ్ము పెట్టిన భాగస్తుడి పూచీని పెట్టిన మేరకే కట్టేసి, ఒడంబడికను రిజిస్టరులో రాయించాలంది. ఫ్రాన్సు 1673లోనూ, 1807 వాణిజ్య స్మృతిలోనూ దాన్ని కొమాండీత్ పేరుతో నిలిపింది. ఐర్లాండు 1782లో, న్యూయార్క్ 1822లో తీసుకున్నాయి. న్యూయార్క్ చట్టం పంపకాల సంగతి ఎంత నిక్కచ్చిగా చెప్పిందంటే, నేటికీ అంత తేటగా చెప్పినవి తక్కువ. ప్రత్యేక భాగస్తుడు పెట్టిన సొమ్ములో ఏ భాగమూ వ్యాపారం సాగినంతకాలం వెనక్కి పోకూడదు, లాభం పేరుతో అయినా సరే. ఏడాదికోసారి వడ్డీ తీసుకోవచ్చు, అసలు తగ్గనంతవరకే. వడ్డీ పోను లాభం మిగిలితే వాటా తీసుకోవచ్చు. తీసుకున్నదాని వల్ల అసలు తగ్గిందని తేలితే వడ్డీతో సహా తిరిగి కట్టాలి.

ఇంగ్లండులో మాత్రం దీనికి ఎదురు గాలి వీచింది. లాభంలో వాటా తీసుకున్నవాడెవడైనా భాగస్తుడే, బాకీలన్నిటికీ పూచీ పడాల్సిందేనని 1793 నాటి వా – కార్వర్ తీర్పు చెప్పింది. లాభం అప్పులవాళ్ళు నమ్ముకున్న నిధి, అందులోంచి తీసుకునేవాడు నష్టాన్నీ మోయాలన్నది ఆనాటి తర్కం. 1860లో కాక్స్ – హిక్‌మన్ కేసులో ప్రభువుల సభ దాన్ని సడలించింది. 1865 చట్టం మరో అడుగు వేసి, లాభాన్ని బట్టి మారే వడ్డీకి అప్పిచ్చినవాణ్ణి అంతమాత్రాన భాగస్తుణ్ణి చేయకూడదంది. ఒక్క షరతు పెట్టింది: వ్యాపారి దివాలా తీస్తే ఆ అప్పు మిగతా అప్పులన్నీ తీరాకే తీరాలి. ఆ మరుసటి ఏడే, 1866లో, ఇక్కడ 15వ నంబరు చట్టంగా ఆ సూత్రమే వచ్చింది.

ఈ చట్టాల నీడలో భారతదేశం నుంచి ప్రీవీ కౌన్సిల్‌కు వెళ్ళిన కేసు ఒకటుంది. బెంగాలు రాజా ప్రతాప్‌చంద్ర సింగ్ కలకత్తాలోని వాట్సన్ కంపెనీకి పెద్ద మొత్తంలో అప్పిచ్చాడు. 1863లో రాసుకున్న పత్రం ప్రకారం, ఆ అప్పు 12 శాతం వడ్డీతో తీరేదాకా నికర లాభంలో 20 శాతం కమీషను ఆయనకు రావాలి. ఆయన అనుమతి లేకుండా వ్యాపారంలోంచి సొమ్ము తీయకూడదు. కంపెనీ మునిగాక బయటి అప్పులవాళ్ళు రాజా కూడా భాగస్తుడేనని దావా వేశారు. 1872లో ప్రీవీ కౌన్సిల్ కాదని తేల్చింది. ఆయన కోరుకున్నది అప్పుకు భద్రత, వ్యాపారం చేయడం కాదు. భాగస్తులు సొమ్ము లాక్కోకుండా కట్టడి చేసే పనిని ఇక్కడ చట్టం చేయలేదు, అప్పిచ్చినవాడే పత్రంలో రాయించుకున్నాడు. బ్యాంకులు నేడు బియ్యం మిల్లులకు అప్పిచ్చేటప్పుడు భాగస్తులు పెట్టుబడిని తమ అనుమతి లేకుండా వెనక్కి తీయకూడదని రాయించుకోవడం ఆ వరసలోదే.

1872 కాంట్రాక్టు చట్టంలో 239 నుంచి 266 వరకు సెక్షన్లు భాగస్వామ్యానికి కేటాయించారు. 1907లో ఇంగ్లండు ఎట్టకేలకు పరిమిత భాగస్వామ్య చట్టం చేసుకుంది. పరిమిత భాగస్తుడు భాగస్వామ్యం సాగుతుండగా తన వాటా సొమ్ములో ఏ భాగమూ వెనక్కి తీసుకోకూడదనీ, తీసుకుంటే అంత మొత్తానికి బాకీల పూచీ ఉంటుందనీ అందులో రాశారు. భారతదేశం దాన్ని అందుకోలేదు. 1913 కంపెనీల చట్టం ప్రైవేటు కంపెనీకి వీలు కల్పించింది కనుక పూచీ హద్దు కావాల్సినవారు ఆ దారిలో పోవచ్చునన్న ధోరణి నిలిచింది. 1932 భాగస్వామ్య చట్టం ముసాయిదాను పరిశీలించిన ప్రత్యేక సంఘంలో దిన్షా ముల్లాతో పాటు నెల్లూరు జిల్లా పూడూరులో పుట్టిన అల్లాడి కృష్ణస్వామి అయ్యర్ ఉన్నారు. ఆ చట్టం 1932 అక్టోబరు 1న అమలులోకి వచ్చింది. అందులో ప్రతి భాగస్తుడికీ పూచీ పూర్తిగా ఉంటుంది.

పూచీ పూర్తిగా ఉన్నచోట పంపకాలకు పెద్ద కట్టడి అక్కర్లేదు. ఎంత తీసుకుపోయినా అప్పులవాడు ఇంటిదాకా రాగలడు. అందుకే 1932 చట్టంలో పంపకాన్ని నేరుగా నిషేధించే సెక్షను లేదు. కానీ రెండు చోట్ల ఆ పాత న్యాయమే తొంగిచూస్తుంది. 13వ సెక్షను ప్రకారం, పత్రంలో పెట్టుబడికి వడ్డీ రాసుకున్నా అది లాభంలోంచే ఇవ్వాలి. నష్టం వచ్చిన ఏడు వడ్డీ లేదు. పెట్టుబడికి మించి చేబదులు ఇచ్చిన సొమ్ముకు మాత్రం ఏటా 6 శాతం వడ్డీ నడుస్తుంది. రెండోది 48వ సెక్షను, వ్యాపారం మూసేనాటి లెక్క.

ఆ లెక్కను దగ్గర నుంచి చూడాలంటే ఒక మిల్లు అనుకుందాం. ముగ్గురు భాగస్తులు తలా 4 లక్షలు, మొత్తం 12 లక్షలు పెట్టారు. లాభనష్టాలు సమానం. మొదటివాడు ఒక సీజనులో ధాన్యం కొనడానికి మరో 2 లక్షలు చేబదులు ఇచ్చాడు. రైతులకు, గోనెసంచుల వ్యాపారికి, బ్యాంకుకు కలిపి 9 లక్షలు బాకీ. మిల్లు, స్థలం, మిగిలిన తవుడూ నూకా అమ్మితే 14 లక్షలు వచ్చాయి. ముందు బయటివాళ్ళ 9 లక్షలు తీరాలి. మిగిలిన 5 లక్షల్లో 2 లక్షల చేబదులు తీరాలి. ఇక మిగిలింది 3 లక్షలు, తలా లక్ష. అంటే ఒక్కొక్కరికి 3 లక్షల నష్టం. ఇప్పుడు అదే మిల్లు 7 లక్షలకే పోయిందనుకుంటే, తీరని 2 లక్షల కోసం అప్పులవాడు ముగ్గురిలో ఎవరి పొలం మీదికైనా వెళ్ళగలడు. మూడోవాడు పరిమిత భాగస్తుడై ఉంటే అతని పొలం జోలికి పోలేడు. ఆ మూడోవాడు మూసే ముందు ఏడు లాభం పేరుతో లక్ష తీసుకుపోయి, ఆ ఏడు నిజానికి లాభమే లేకపోతే, ఆ లక్ష వెనక్కి రావాలి. పరిమిత భాగస్వామ్య చట్టాల్లో పంపకాల భాగమంతా ఈ ఒక్క లక్ష గురించే.

ఇలాంటి చట్టం లేని డెల్టాలో పూచీకి హద్దు గీసుకునే దారులు వేరుగా వచ్చాయి. వాటాలను అణాల్లో చెప్పుకోవడం పాత అలవాటు: పదహారణాల మిల్లులో ఒకరిది నాలుగణాలు, ఒకరిది రెండణాలు. ఇరవైమందికి మించితే కంపెనీగా రిజిస్టరు కావాలని 1913 చట్టం అనడంతో, సంఖ్య దాటకుండా ఉండాలంటే ఒకరి వాటా వెనుక మరికొందరు నిలవాలి. వెనుక నిలిచినవాళ్ళకు మిల్లుతో నేరుగా సంబంధం లేదు. వాటా బదిలీ చేయించుకున్నవాడి హక్కు ఇంతేనని 1932 చట్టం 29వ సెక్షను తేల్చింది: భాగస్తులు ఒప్పుకున్న లెక్క ప్రకారం లాభంలో వంతు తీసుకోవడం. చిట్టా, ఆవర్జా చూపమని అడగలేడు, నడపడంలో వేలు పెట్టలేడు. పేరు లేకపోయినా ఇది పరిమిత భాగస్తుడి స్థానమే, అదీ పరిమిత భాగస్తుడికుండే లెక్కలు చూసుకునే హక్కు కూడా లేకుండా.

రెండో దారి మైనర్ వాటా. మైనర్ పిల్లవాణ్ణి అందరి సమ్మతితో భాగస్వామ్యపు లాభాలకు చేర్చుకోవచ్చని 30వ సెక్షను అంటుంది. బాకీలకు వాడి వాటా పూచీ పడుతుంది, వాడు పడడు. భారత చట్టంలో సామాన్య భాగస్వామ్యంలోనే పూచీకి హద్దున్నది ఇతనొక్కడికే. పద్దెనిమిది నిండాక, తాను లాభాలకు చేర్చబడ్డానని తెలిసిన తర్వాత ఆరు నెలల్లోగా ఉంటానో పోతానో చెప్పకపోతే పూర్తి భాగస్తుడైపోతాడు, పాత బాకీలతో సహా. ఊళ్ళో మిల్లు ఉందని సంబరపడే ఇంట్లో ఈ ఆరు నెలల సంగతి తెలియక చిక్కుల్లో పడే ప్రమాదం చిన్నది కాదు. పిల్లల పేరున వాటాలు రాసే పెద్దలు ముందుగా చదవాల్సిన సెక్షను ఇది. మూడో దారి ఉమ్మడి కుటుంబం. కర్త పూర్తి పూచీ మోస్తే, మిగతా వాటాదారుల పూచీ ఉమ్మడి ఆస్తిలో తమ భాగానికే పరిమితం.

రెండు తెలుగు ఉమ్మడి కుటుంబాల మిల్లు గొడవే భాగస్తుడి హక్కు ఏమిటో దేశమంతటికీ తేల్చిచెప్పింది. అద్దంకి నారాయణప్ప – భాస్కర కృష్ణప్ప కేసు ఆంధ్రప్రదేశ్ హైకోర్టు నుంచి సుప్రీంకోర్టుకు వెళ్ళింది. రెండు కుటుంబాలు బియ్యం దంపడం, వేరుశనక్కాయలు ఒలవడం వంటి వ్యాపారాన్ని చెరిసగం వాటాతో నడిపాయి. విడిపోయేటప్పుడు రాసుకున్న కరారు రిజిస్టరు కాలేదు. మిల్లు స్థలంలో వాటా వదులుకున్నారు కనుక ఆ కాగితం చెల్లదన్నది ఒక పక్షం వాదన. 1966 జనవరిలో జస్టిస్ ముధోల్కర్ రాసిన తీర్పు ఆ వాదన ఒప్పుకోలేదు. వ్యాపారం సాగినంతకాలం ఏ భాగస్తుడూ ఫలానా యంత్రం నాది, ఫలానా స్థలం నాది అనలేడు. అతనికున్నది అనుకున్న ప్రకారం లాభంలో వంతు, విడిపోయినప్పుడు బాకీలూ పూచీలూ పోగా మిగిలినదాని విలువలో వంతు. అది చరాస్తి, స్థిరాస్తి కాదు. రిజిస్ట్రేషను గురించిన ఈ తీర్పు పంపకానికీ గట్టి పునాది వేసింది. భాగస్తుడి వాటా అంటేనే బాకీలు పోగా మిగిలేది అని ఒప్పుకున్నాక, బాకీలకు ముందు తీసుకున్నది అతనిది కాదని వేరే చెప్పనక్కర్లేదు.

తీసుకుపోయిన సొమ్మును వెనక్కి రప్పించే పని దివాలా చట్టానిది. మద్రాసు, కలకత్తా, బొంబాయి నగరాలు తప్ప మిగతా ప్రాంతాలకు 1920 ప్రొవిన్షియల్ ఇన్‌సాల్వెన్సీ చట్టం వర్తిస్తుంది. దాని 53వ సెక్షను ప్రకారం, సరైన ప్రతిఫలం లేకుండా చేసిన బదిలీని, చేసిన రెండేళ్ళలోగా దివాలా పడితే కోర్టు రద్దు చేయొచ్చు. ఒక అప్పులవాడికి మాత్రమే మేలు చేసేలా చేసిన చెల్లింపుకు 54వ సెక్షను మూడు నెలల గడువు పెట్టింది. ఈ చట్టం నేటికీ బతికే ఉంది. 2016 దివాలా స్మృతిలో వ్యక్తులకు, భాగస్వామ్య సంస్థలకు ఉద్దేశించిన భాగాన్ని కంపెనీ అప్పులకు హామీ పడ్డ వ్యక్తుల వరకే, 2019 డిసెంబరు 1 నుంచి అమలు చేశారు. కనుక కర్లపాలెంలో ఒక మామూలు భాగస్వామ్య సంస్థ నేడు దివాలా తీసినా, వర్తించేది నూరేళ్ళు దాటిన చట్టమే. ఇంతకాలం దాన్ని అలా వదిలేయడం మంచిది కాదు.

పన్ను చట్టం వేసిన హద్దు మరో రకం. భాగస్తుడికి ఇచ్చే వడ్డీని ఖర్చుగా చూపాలంటే 12 శాతానికి మించకూడదని 1961 ఆదాయపు పన్ను చట్టం 40(బి) సెక్షను 2002లో అంది. అంతకు మించి ఇవ్వొద్దని అది చెప్పలేదు. ఇస్తే ఖర్చుగా ఒప్పుకోనంది, అంతే. ఈ 12 శాతాన్ని చూసి పంపకానికే చట్టం పెట్టిన పరిమితి అనుకోవడం తరచూ జరిగే పొరపాటు.

అమెరికాలో పరిమిత భాగస్వామ్య చట్టం ఇంకా నిశితమైంది. 1916 నాటి ఏకరూప చట్టం, పంపకం తర్వాత కూడా బయటి బాకీలకు సరిపడా ఆస్తి ఉండాలంది. 2001 నాటి సవరణ రూపం రెండు పరీక్షలు పెట్టింది. పంపకం చేశాక కూడా బాకీలు గడువుకు తీర్చగలగాలి. ఆస్తులు బాకీలకు తగ్గకూడదు. రెంటిలో ఏది తప్పినా ఆ పంపకం అక్రమం. తెలిసి తీసుకున్న పరిమిత భాగస్తుడు, అనుమతించిన నిర్వాహక భాగస్తుడు ఇద్దరూ రెండేళ్ళపాటు జవాబుదారీ. డెలావేర్‌లో ఆ గడువు మూడేళ్ళు. అక్కడ ఇళ్ళ సముదాయాల్లో, హోటళ్ళలో పరిమిత భాగస్తులుగా డబ్బు పెట్టే తెలుగువారు, ప్రతి మూడు నెలలకూ ఖాతాలో పడే సొమ్ములో లాభమెంత, తమ అసలే తిరిగొస్తున్నది ఎంత అని విడదీసి చూసుకోవడం తప్పనిసరి.  ఇంగ్లండు మాత్రం పెట్టుబడి నిధుల పోటీకి తలొగ్గి, 2017 ఏప్రిల్ 6 నుంచి ప్రైవేటు నిధుల పరిమిత భాగస్వామ్యాలకు ఆ 1907 నాటి నిషేధాన్ని ఎత్తేసింది.

భారతదేశం చివరికి మరో రూపాన్ని ఎంచుకుంది. ఆబిద్ హుస్సేన్ కమిటీ 1997లో, నరేష్ చంద్ర కమిటీ 2003లో, ఇరానీ కమిటీ 2005లో సిఫారసు చేశాక పరిమిత పూచీ భాగస్వామ్యాల చట్టం వచ్చింది. 2008 సంవత్సరపు ఈ చట్టానికి 2009 జనవరి 7న రాష్ట్రపతి ఆమోదం దొరికింది, మార్చి 31 నుంచి అమలు మొదలైంది. వాడుకలో ఎల్ఎల్‌పీ అంటున్నది ఇదే. ఇందులో నడిపేవాడు, ఊరుకునేవాడు అన్న తేడా లేదు, అందరి పూచీకీ హద్దుంది. అలాంటప్పుడు పంపకాలకు కట్టడి మరీ గట్టిగా ఉండాలి. విచిత్రంగా ఈ చట్టంలో అలాంటి సూటి సెక్షను లేదు. బ్రిటన్ తన ఎల్ఎల్‌పీలకు, దివాలాకు ముందు రెండేళ్ళలో భాగస్తులు తీసుకున్నదాన్ని వెనక్కి రప్పించే 214ఏ సెక్షను పెట్టింది. మన చట్టం ఆ పనిని ముక్కలుగా పంచింది. వాటా సొమ్ము కడతానని ఒప్పుకున్నవాడు కట్టాల్సిందే. ఆ మాట నమ్మి అప్పిచ్చినవాడు, తర్వాత భాగస్తులు తమలో తాము రాజీపడినా, పాత మాటనే అమలు చేయించుకోవచ్చని 33వ సెక్షను అంటుంది. బయటికి వెళ్ళే భాగస్తుడికి దక్కేది కట్టిన సొమ్ము, పేరుకున్న నష్టం పోగా మిగిలిన లాభంలో వంతు. అప్పులవాళ్ళను మోసగించే ఉద్దేశంతో వ్యాపారం నడిపితే 30వ సెక్షను కింద పూచీకి హద్దే ఉండదు.

ఏటా అక్టోబరు 30 లోగా దాఖలు చేయాల్సిన ఫారం 8 దీనికి తోడు. అందులో సంస్థ లెక్కలతో పాటు, బాకీలను గడువుకు పూర్తిగా తీర్చగలదా లేదా అన్న సంగతిని నిర్దిష్ట భాగస్తులు ప్రకటించి సంతకం చేయాలి. ఆంధ్రప్రదేశ్ సంస్థలకు ఈ కాగితాలు చేరేది విజయవాడలోని రిజిస్ట్రార్ ఆఫ్ కంపెనీస్ దగ్గరికి. ఆడిటరు ఇచ్చిన కాగితం మీద చదవకుండా సంతకం పెట్టే అలవాటు ఈ ఒక్కచోట మానుకోవాలి. తీర్చగలమని రాసి, మరుసటి నెల పెట్టుబడి తీసుకుపోయి, ఆపైన మునిగితే, ఆ సంతకమే మొదటి సాక్ష్యం అవుతుంది.

2016 దివాలా స్మృతి ఎల్ఎల్‌పీలకు పూర్తిగా వర్తిస్తుంది. కోటి రూపాయల బాకీ తప్పితే అప్పులవాడు జాతీయ కంపెనీ లా ట్రిబ్యునల్‌కు వెళ్ళొచ్చు. భాగస్తుడు సంబంధిత పక్షం కింద లెక్క కనుక, పాత బాకీ తీర్చే పేరుతో అతనికి ముందుగా మేలు చేసిన చెల్లింపులను రెండేళ్ళ వెనక్కి వెళ్ళి తిరగదోడొచ్చు. బయటివాళ్ళ విషయంలో ఏడాదే. మూసివేతలో వచ్చిన సొమ్ము ఎవరికి ముందు, ఎవరికి వెనుక అన్నది 53వ సెక్షను వరుసపెట్టింది. మూసివేత ఖర్చులు, కార్మికుల బాకీలు, తాకట్టు అప్పులు, ఉద్యోగుల జీతాలు, తాకట్టు లేని అప్పులు, ప్రభుత్వ బకాయిలు, మిగిలిన బాకీలు, ప్రాధాన్య వాటాదారులు. ఆ వరుసలో ఆఖరి స్థానం సాధారణ వాటాదారులది, భాగస్తులది.